ముందు కాగితాలు, తర్వాతే పై చదువు

పెళ్ళయి అమెరికా వెళ్ళి, పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక మళ్ళీ చదువు వైపు చూసే నర్సులు మన కోనసీమ నుంచీ, భీమవరం వైపు నుంచీ ఉన్నారండి. డాక్టరు దొరకని పల్లెల్లో, బీమా లేనివాళ్ళని చూసే క్లినిక్కుల్లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనరుగా పనిచెయ్యాలని కొందరి కోరిక. ఆ నర్సు రోగిని పరీక్షించి, జబ్బు తేల్చి, మందు రాస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో సొంతంగా, కొన్నిట్లో డాక్టరుతో ఒప్పందం మీద.

దానికి ముందు అక్కడి నర్సు లైసెన్సు, తర్వాత మాస్టర్స్ కావాలి. ఈ దారిలో మొదట చిక్కు పడేది ఇక్కడి కాగితాల దగ్గరే. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో అత్తింటి పేరు పూర్తిగా ఉంటుంది. పెళ్ళి సర్టిఫికెట్టు, అఫిడవిట్టు ముందే పెట్టుకోండి. ఆ లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకి ఇచ్చిన పేరూ, చూపించే గుర్తింపు కార్డులో పేరూ కలవకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజూ పోతుంది.

రెండోది ట్రాన్స్‌క్రిప్టు, అంటే కాలేజీ ఇచ్చే చదువు రికార్డు. మార్కులొక్కటే చాలవు. మెడికల్ సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం, ఒక్కోదానికీ థియరీ గంటలు వేరు, క్లినికల్ గంటలు వేరు చూపించాలి. కాలేజీ గుమాస్తా అన్నీ కలిపి ఒకే మొత్తం వేశాడా, అది లోపమని తిరిగొస్తుంది. మానసిక వైద్యం దగ్గర మరీ జాగ్రత్త: ఆ పోస్టింగు కాలేజీ ఊళ్ళో కాక విశాఖ మానసిక ఆసుపత్రిలో చేసి ఉంటే ఆ గంటలు కాలేజీ రికార్డులోకి ఎక్కాయో లేదో అడిగి చూసుకోండి. లాగ్ పుస్తకం పారెయ్యకండి. అన్నయ్యనో మావయ్యనో పంపి ట్రాన్స్‌క్రిప్టు కవరు చేతికి తెప్పించుకుంటే అది చెల్లదు. కాలేజీ, విజయవాడలోని నర్సింగ్ కౌన్సిల్, అమెరికాలో కాగితాలు పరిశీలించేవాళ్ళకి నేరుగా పంపాల్సిందే.

ఎన్‌క్లెక్స్‌లో 85 నుంచి 150 ప్రశ్నలు, సమయం 5 గంటలు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్ళు రాయొచ్చు, ఏఎన్ఎం (ఇంకా చిన్న కోర్సు) సరిపోదు. జీఎన్ఎం అయితే ముందు బీఎస్సెన్ (నర్సింగ్ డిగ్రీ), తర్వాత మాస్టర్స్ అనుకుంటే దారి సాఫీ. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి లైసెన్సు వచ్చినా పని అనుమతి లేకపోతే ఉద్యోగం చెయ్యలేరు. చాలా మాస్టర్స్ కోర్సులు ఆర్ఎన్ (లైసెన్సున్న నర్సు) గా పనిచేసిన అనుభవం అడుగుతాయి కాబట్టి, వీసా సంగతి తేలాకే ఫీజు కట్టండి.

పాఠాలు ఆన్‌లైన్లో రాత్రి పిల్లలు పడుకున్నాక వినొచ్చు. క్లినికల్ గంటలకి ఆ వీలుండదు. కొత్త ప్రమాణం కనీసం 750 గంటలు. వారానికి రెండు రోజులు, రోజుకి 8 గంటలు అనుకున్నా 47 వారాలు. పక్కనుండి నేర్పే ప్రిసెప్టరుని చాలాచోట్ల విద్యార్థే వెతుక్కోవాలి. అందుకే మీరు పనిచెయ్యాలనుకునే కమ్యూనిటీ క్లినిక్కునే ఏడాది ముందు అడగండి.

అప్పు విషయం: అమెరికా ప్రభుత్వ నర్స్ కోర్ పథకంలో నర్సుల కొరత ఉన్నచోట రెండేళ్ళు పనిచేస్తే తీరని నర్సింగ్ అప్పులో 60 శాతం కడతారు. గ్రీన్ కార్డు ఉన్నా అర్హతే. అలాంటిదే ఇంకో పథకం నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్‌కి మాత్రం అమెరికా పౌరసత్వం ఉండాలి.

కోర్సు దరఖాస్తు వ్యాసంలో సేవ చేస్తానని మాత్రం రాస్తే ఎవరికీ ఏమీ తెలియదండి. కమ్యూనిటీ పోస్టింగులో పంటు ఎక్కి లంక ఊళ్ళకి వెళ్ళి ఉంటే అదే రాయండి: ఎన్ని వారాలు, ఎన్ని ఇళ్ళు, ఎంతమంది బాలింతల్ని చూశారు, గోదారి పొంగినప్పుడు ఇన్సులిన్ ఎలా చేర్చారు.