వానలకు ముందు విప్పిన లాన్‌మోవర్

జూన్, మొదటి ఆదివారం

తొలకరి పడి వారం కాలేదు, సైనిక్‌పురిలోని మా పెరట్లో గడ్డి అప్పుడే మడమలు దాటింది. మామయ్యగారు ఇచ్చిన లాన్‌మోవర్‌ను నవంబరు తర్వాత ఈ రోజే బయటికి తీశాను. 163 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. నాలుగోసారి తాడు లాగితే అందుకుంది కానీ, చోక్ తీయగానే ఆగిపోయింది. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. అలా ఉంటేనే నడుస్తోందంటే, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో పెట్రోలు దారి ఎక్కడో పూడుకుపోయిందన్నమాట.

ముందు, ఇంజిన్ పొరపాటున అందుకోకుండా స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేశాను. ఆ పని చేయనిదే బ్లేడు ఛాయలకు చెయ్యి పోనివ్వను. పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటర్ గిన్నె విప్పితే లోపల తేనె రంగు జిగురు, అడుగున నీటి బొట్లు. ఏడు నెలలు ట్యాంకులోనే ఉండిపోయిన పెట్రోలు మరి! ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీళ్లతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది.

గిన్నె, పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న మెయిన్ జెట్ శుభ్రం చేసి, కొత్త పెట్రోలు పోశాను. చోక్ లేకుండా నడిచింది.

రెండో ఆదివారం

నడుస్తోంది, కానీ నిలకడ లేదు. గడ్డి కోయకుండా వదిలేస్తే వేగం లేస్తూ, పడుతూ ఉంది. పెట్రోలు చాలక వేగం పడిపోగానే, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ అనే భాగం థ్రాటిల్ తెరుస్తుంది, వేగం లేవగానే మళ్లీ మూస్తుంది. గవర్నర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దాని స్ప్రింగు జోలికి వెళ్లకూడదని అక్కడే నిశ్చయించుకున్నాను.

నిన్న గిన్నె గాస్కెట్ కోసం రాణిగంజ్ వెళ్లినప్పుడు కొట్లోని పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను.

"పైలట్ జెట్ తీశావా బాబూ? పిన్నుతో మాత్రం పొడవకు, రంధ్రం పెద్దదైతే ఇక అది పనికిరాదు" అన్నారు.

ఇంజిన్ మీద భారం లేనప్పుడు పెట్రోలు అందించే ఆ చిన్న జెట్ ఐడిల్ స్క్రూ కింద దాక్కుని ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే రంధ్రమే కనిపించలేదు. కార్బురేటర్ క్లీనర్‌లో అరగంట నానబెట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగును మెల్లగా పంపి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. సూది మొనంత వెలుగు కనబడింది! బిగించాక రెండో లాగుకే అందుకుని, ఒకే స్వరంలో పావుగంట నడిచింది. ఆ శబ్దం వింటూ అలాగే నిలబడిపోయాను.

ఇంజిన్ వేడిగా ఉండగానే నూనె కూడా మార్చేశాను. తారులా దిగింది. కొత్తది 10డబ్ల్యూ-30 గ్రేడు. మోవర్‌ను వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండాలి, లేకపోతే నూనె ఫిల్టర్‌లోకి పారుతుంది.

ఇకపై కోత అయ్యాక కాక్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడవనిస్తాను. వానాకాలం అయ్యాక ట్యాంకు కూడా ఖాళీ చేస్తాను.

వచ్చే ఆదివారం వాల్వ్ సందులు చూడాలి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు. ఆ సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఇంకా కొనాలి.