ఆ మెడల్ మీద బూటు

సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ 1963లో తీసిన 'బోరోమ్ సారెట్' రాత్రి చూశాను, ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నా. దాదాపు 20 నిమిషాల సినిమా, సెనెగల్ రాజధాని డకార్‌లో గుర్రబ్బండి తోలుకునే ఒక పేదవాడి ఒక్క రోజు, అంతే. పొద్దుట్నుంచీ కష్టపడి సంపాదించిన నాలుగు డబ్బులూ, తన వంశాన్ని పొగుడుతూ పాడిన వాడి చేతిలో పెట్టేస్తాడు. నాకు కోపం రాలేదు, ఆ కాసేపే కదా అతను మారాజులా నిలబడింది!

తర్వాత సూటు వేసుకున్న ఒకాయన్ని, బళ్లకు అనుమతి లేని, డబ్బున్నవాళ్లుండే ప్లాటో ప్రాంతానికి తీసుకెళ్తాడు. పోలీసు ఆపుతాడు, సూటాయన మెల్లగా జారుకుంటాడు. బండివాడి దగ్గరున్న సైనిక మెడల్ కింద పడితే పోలీసు దాని మీద బూటు పెడతాడు. బండి కూడా పోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లే.

ఫ్రెంచ్ వలస పాలనలో ఆఫ్రికన్లు తమ నేల మీద సినిమా తీయాలంటే అనుమతి కావాలి, 1934లో దానికో ఉత్తర్వే తెచ్చారు. అందుకే సెంబేన్ తన దేశపు వీధుల్ని ఇలా, ఏదీ దాచకుండా చూపించడం నాకు చాలా పెద్ద విషయం అనిపించింది. షార్ట్ ఫిల్మ్స్ తీసే ఫ్రెండ్స్, దీన్ని తప్పకుండా చూడండి, చూశాక మాట్లాడుకుందాం.