దిష్టి, దృష్టి, చెవి

మంచం మీద కుడివైపుకి ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరిగింది. ఫ్యాను ఆపే ఉంది. తిరుగుతున్నది సీలింగు. తెల్లవారుజాము నాలుగున్నర. అరిచానో లేదో గుర్తులేదు కానీ, మా ఆయన చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకున్నాను.

అత్తమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూసినావా, ఎంత దిష్టో!" అంది. మొదట వెళ్లిన క్లినిక్‌లో బీపీ అన్నారు, సెలైన్ పెట్టారు, స్కాన్ తీయించారు. బిల్లు, టెన్షన్ తప్ప ఏమీ తేలలేదు.

చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు నా తల పక్కకి తిప్పి, గభాలున వెనక్కి పడుకోబెట్టి కళ్లలోకి చూశారు. కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయట. జబ్బు పేరు బీపీపీవీ. లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటి కాల్షియం పలుకులు ఉంటాయి. అవి చోటు తప్పి అర్ధవృత్తాకార గొట్టంలోకి జారితే, తల ఆగినా ఇంకా తిరుగుతోందనే మెదడుకి కబురు పోతుంది. ఎప్లీ పద్ధతిలో తలను ఒక్కో భంగిమకి తిప్పి, కాసేపు అక్కడే ఆపి, ఆ పలుకుల్ని వెనక్కి పంపారు. రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

మధ్యలో వారం రోజులు పడుకోవాలంటేనే భయం. అప్పుడే తిరుపతిలో మా బైరాగిపట్టెడ వీధిలోని సంస్కృతం అయ్యవారు చూడ్డానికొచ్చారు. రిటైరయ్యాక ఆయన పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని, ఎదురైనవాళ్లకి రోజుకో పాఠం చెబుతారు. "విసుగు తెప్పించిన మనిషిని ఇవాళ రెండోసారి చూడు" లాంటివి. నేను తలూపి వచ్చేసేదాన్ని. ఏది చెప్పినా చివరికి, చీకట్లో తాడుని చూసి పామనుకునే ఆ వేదాంతం పోలిక దగ్గరే తేలేవారు.

ఆ రోజు అడిగేశాను. "అయ్యవారూ, గది తిరగడం లేదని నాకు తెలుసు. అయినా తిరుగుతోందే! మీ పాము పోలేదు."

కోప్పడతారనుకున్నా. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"తాడు సంగతి వేరమ్మా, ఎండమావి సంగతి వేరు. తాడని తెలియగానే పాము పోతుంది. ఎండమావి అట్ల కాదు. నీళ్లు కాదని తెలిసినాక కూడా నీళ్లలాగే కనపడుతుంది. సోపాధిక భ్రమ అంటారు. తెలిసినోడు బిందె తీసుకుని పోడు, అంతే."

ఇన్నేళ్ల పాఠాల్లో నాకు పనికొచ్చింది ఆ బిందె ఒక్కటే. తర్వాత తిరుగుడు వచ్చినప్పుడల్లా గోడ క్యాలెండర్ వైపు చూస్తూ అంకెలు లెక్కపెట్టేదాన్ని. అరవై లోపే ఆగేది.

పలుకుల్ని సర్దింది డాక్టరే. అత్తమ్మ లెక్కలో మాత్రం అది దిష్టి తీసిన ఫలితం. దిష్టి అన్నా దృష్టి అన్నా ఒకటే మాట కదా అని అయ్యవారు ఆమెకే వత్తాసు పలికారు.

మూడు వారాలకి రాత్రి మిద్దె మీదికెక్కాను. తల పైకెత్తడం అదే మొదలు. పిట్టగోడ పట్టుకుని కొండవైపు చూశాను. గాలిగోపురం దీపాలు ఒక్కసారి పక్కకి జారాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పన్నెండు దగ్గర ఆగాయి.