కొత్త గిటార్ కొనబోయి ఆగిపోయాను

నాలుగేళ్ల క్రితం గిటార్ మీద ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే పట్టు) నన్ను బాగా ఏడిపించింది. చూపుడు వేలు ఆరు తీగల మీద అడ్డంగా వేసి ఎంత గట్టిగా నొక్కినా రెండు తీగలు పలికేవి కావు. పది నిమిషాలకే బొటనవేలి మొదట్లో కండ పట్టేసేది. చవక గిటార్ కదా, అందుకే ఇలా ఉందనుకుని, దానికి ఐదు రెట్లు ఖరీదైనది ఒకటి చూసి పెట్టుకున్నాను. డబ్బు కూడా దాదాపు కూడింది.

పాతది అమ్మేముందు కొత్త తీగలు వేయిద్దామని, గిటార్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లి విషయం చెప్పాను. ఆయన మొదటి ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీకి) కేపో, అంటే తీగలన్నిటినీ అక్కడ నొక్కిపట్టే క్లిప్పు, బిగించి, "ఇప్పుడు ఒక ఫ్రెట్ ముందుకు జరిగి అదే కార్డ్ పట్టండి" అన్నారు. పట్టాను. ఆరు తీగలూ మోగాయి.

"మీ వేళ్లు బాగానే ఉన్నాయండీ. నట్ ఎత్తుగా ఉంది, అంతే."

నట్ అంటే మెడ చివర తీగలు కూర్చునే చిన్న పట్టీ. దాని గాట్లు లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ బాగా పైకి ఉండిపోతుంది. కేపో తీగను కిందికి నొక్కేయడంతో ఆ ఎత్తు అడ్డు రాలేదు. ఆయన నా చేతే చూపించారు. మూడో ఫ్రెట్ వెనక తీగను నొక్కి పట్టుకుంటే, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటే చాలట. నా గిటార్‌లో విజిటింగ్ కార్డు దూరింది.

తర్వాత గంటసేపు పక్కనే కూర్చుని చూశాను. సన్నటి ఆకురాయితో ఒక గాటులో రెండుసార్లు లాగడం, తీగ మళ్లీ కూర్చోబెట్టడం, నొక్కి చూడడం, మళ్లీ లాగడం. కాస్త ఎక్కువ అరిగిందా, వేలు పెట్టకుండా మీటిన తీగ కూడా మొదటి ఫ్రెట్‌కి తగిలి జరజరమంటుంది. అందుకే ఆ ఓపిక. మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీని (ట్రస్ రాడ్) సరిచేసి, 12ల సెట్ తీసేసి, కాస్త సన్నవైన 11ల తీగల సెట్ వేశారు. ఇంటికొచ్చి ఎఫ్ పట్టాను. మోగింది. ఆ రాత్రి చాలాసేపు వాయిస్తూనే ఉన్నాను.

కూడబెట్టిన డబ్బులో ఖర్చయింది చాలా కొంచెం.

అప్పటి నుంచి ఏది కొనాలనిపించినా ఒక నోట్‌బుక్‌లో రాస్తాను: ఇది లేక ఈ వారం నేను ఏం వాయించలేకపోయాను? మూడు నెలలు వరసగా జవాబు దొరికితేనే కొంటాను. ప్రతిధ్వని తెప్పించే డిలే పెడల్ పేరు రెండు వారాలకే నోట్‌బుక్‌లోంచి తీసేశాను. వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ నిలబడింది, ఎందుకంటే నా తాళం ఎక్కడ పరిగెడుతోందో దానిలో వింటే వెంటనే తెలుస్తుంది. ఇక గిటార్ కోసం దాచిన డబ్బులో ఐదో వంతు ముందే పక్కన పెడతాను. సెటప్ (నట్, మెడ, తీగలు సరిచేయించడం), మంచి కేస్, తీగలు, ట్యూనర్ ఇవన్నీ అందులోంచే రావాలి.

ఈ అలవాటు ముందే ఉంటే 50 వాట్ల ట్యూబ్ యాంప్ కొని ఉండేవాణ్ణి కాదు. ఇంట్లో దాని వాల్యూమ్ 2 దాటనివ్వలేం, అక్కడ దాని నాదం విచ్చుకోదు. పవర్ పది రెట్లు పెరిగితే చెవికి వినిపించే శబ్దం దాదాపు రెట్టింపు అవుతుందంతే. అంటే 5 వాట్ల యాంప్ కూడా దానిలో సగం గట్టిగా వినిపిస్తుంది. గదికి అదీ ఎక్కువే. పెద్దది అమ్మేసి చిన్నది తీసుకున్నాను.

అలాగని చవకదే మేలని నేననను. అకూస్టిక్‌లో ప్లైవుడ్ బదులు అసలైన స్ప్రూస్ చెక్క పైపలక కోసం ఎక్కువ పెట్టాల్సి వస్తే పెడతాను, ఆ తేడా నా చెవికి తెలుస్తుంది. చెక్కలో పొదిగిన మెరిసే అలంకారాలకి మాత్రం పెట్టను. ఈ విషయంలో నాకు క్వీన్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే తరచూ గుర్తొస్తాడు. 1963లో తండ్రితో కలిసి గిటార్ తయారుచేయడం మొదలుపెట్టాడు, మెడ పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేసింది. క్వీన్ కచేరీల్లో మోగింది అదే. తక్కువ ఖర్చుతో అయిందని కాదు నేను దాన్ని తలుచుకునేది. తండ్రీకొడుకులు దాని మీద దాదాపు రెండేళ్లు కూర్చున్నారు.

నా పాత గిటార్ మొదటి మూడు ఫ్రెట్ల మీద ఇప్పుడు సన్న తీగల కింద గుంటలు పడ్డాయి. సి కార్డ్ పట్టినప్పుడు బి తీగ కాస్త జీరగా పలుకుతోంది. నోట్‌బుక్‌లో ఈ మాట మూడు నెలలుగా ఉంది. వచ్చే వారం ఆయన దగ్గరికే తీసుకెళ్తున్నాను, ఫ్రెట్లు మార్పించడానికి.