కవర్‌కి ముడి వేస్తేనే మొదలవుతుంది తంటా

అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, కింద పార్కింగ్. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా మామూలు అపార్ట్‌మెంట్ అంటే దాదాపు ఇదే. అసోసియేషన్ మీటింగ్‌లో చెత్త మాట వస్తే డబ్బాల రంగుల దగ్గర మొదలై వాచ్‌మన్ మీద విసుక్కోవడంతో ఆగుతుంది. కానీ పని చెడేది వంటింట్లోనే. అన్నీ కలిపి ఒక నల్ల కవర్లో కుక్కి, గట్టిగా ముడి వేసి తలుపు బయట పెట్టినప్పుడు.

ఆ ముడి ఎవరూ విప్పరు. వాచ్‌మన్ భార్యో, చెత్త ఆటో కుర్రాడో వేళ్లతో చింపుతారు. లోపల మెతుకులు, పెరుగు ప్యాకెట్, పాత బ్లేడు, పగిలిన గ్లాసు అన్నీ ఒకే ముద్ద. చింపే ఓపిక లేకపోతే కవర్‌తో సహా ఆటోలోకి, అక్కణ్ణుంచి డంపింగ్ యార్డుకి. గాలాడని కవర్లో కూరగాయల తొక్కలు ఎరువు కావు. పులిసిపోయి నల్లటి నీళ్లు కారతాయి. లిఫ్టులో వచ్చే కంపు ఆ నీళ్లదే.

కాబట్టి తడి చెత్తకి కవర్ వద్దు. మూత ఉన్న చిన్న బకెట్, అడుగున రెండు మడతల పాత పేపర్, అంతే. తడి చెత్త అన్న పేరే కాస్త తప్పుదారి పట్టిస్తుంది. తడి అంటే కుళ్లేది అని, నీళ్లు పోయమని కాదు. మిగిలిన పులుసు, చారు, మజ్జిగ సింకులో చిల్లుల గిన్నెలో వంచి, పిప్పి మాత్రం బకెట్‌లో వెయ్యాలి. టీ పొడి పిండి వెయ్యాలి. బకెట్ రోజూ ఖాళీ చేసి, కడిగి, బాల్కనీలో బోర్లిస్తే పురుగు పట్టదు.

నలుగురున్న ఇంట్లో తడి చెత్త రోజుకి అరకిలో నుంచి ముప్పావు కిలో అనుకుంటే, ఇరవై ఫ్లాట్లకి 10 నుంచి 15 కిలోలు. దీనికి 60 లీటర్ల డబ్బాలు రెండు చాలు. పెద్దది ఒకటే ఉంటే నయం కదా అని 240 లీటర్లది కొంటారు. అది తడి చెత్తతో నిండితే ఇద్దరు మనుషులు కూడా ఆటోలోకి ఎత్తలేరు, అడుగున చెత్త వారాల తరబడి అలాగే ఉంటుంది. మామిడికాయల కాలంలో టెంకలు, పుచ్చకాయ తొక్కలతో బరువు బాగా పెరుగుతుంది. అప్పటికి మూడో డబ్బా సిద్ధంగా ఉంచుకోవాలి.

పొడి చెత్తలో కిటుకంతా పాల ప్యాకెట్‌లో ఉంది. మూల పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు. సగం కోసి వేలాడనివ్వాలి. ప్యాకెట్‌ని గిన్నెలు తోమే నీళ్లలో ఒకసారి జాడించి ఆరేస్తే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. జాడించకపోతే పుల్లటి వాసన పట్టి సంచెడు పేపర్లు కూడా పనికిరాకుండా పోతాయి. పిజ్జా అట్టపెట్టెలో నూనె అంటిన అడుగు చింపి తడిలో, శుభ్రంగా ఉన్న మూత పొడిలో. చిప్స్ ప్యాకెట్లు ఎవరూ కొనరు, అయినా వాటి చోటు పొడి డబ్బానే.

హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ ఇచ్చినవి రెండు డబ్బాలు, ఆకుపచ్చ తడికి, నీలం పొడికి. ఆంధ్రలో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద, హాని చేసే చెత్తకని ఎరుపు కూడా చేరింది. ఆ మూడోదే అందరూ వదిలేసేది. డైపర్‌లోని మలం ముందు టాయిలెట్‌లో వదిలించి, ప్యాడ్లయినా డైపర్లయినా పేపర్లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌తో గుర్తు పెట్టాలి. ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి. పగిలిన గాజు అట్టపెట్టెలో పెట్టి పైన ‘గాజు’ అని రాయాలి. ఎల్‌ఈడీ కాని పాత ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది, విరగ్గొట్టి డబ్బాలో పట్టించొద్దు. పాత ఫోన్ బ్యాటరీ మామూలు చెత్తలో పడితే, లారీలో నొక్కినప్పుడు నలిగి మంట పుట్టొచ్చు. ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు విడిగా పోగేసి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవాళ్లకి ఇవ్వాలి.

వెనక కాస్త జాగా ఉంటే ఎరువు కూడా అక్కడే చేసుకోవచ్చు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ఇటుకల తొట్లు రెండు, మధ్యమధ్య గాలికి ఖాళీలు, పైన రేకు. ఒకటి నిండుతుంటే రెండోది మాగుతుంది. బకెట్ తడికి బకెట్ ఎండుటాకులు. వారానికోసారి పారతో తిరగెయ్యాలి. గుప్పెట్లో పట్టి పిండితే చెమ్మ తెలియాలి, నీళ్లు ధారగా కారకూడదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గాలి అందట్లేదు, తిరగేసి ఆకులు కలపాలి. ముక్కు మండే అమ్మోనియా ఘాటు వస్తే కూడా ఆకులు తక్కువైనట్టే. ఎండిపోయి కదలకపోతే పుల్లమజ్జిగ నీళ్లు చిలకరిస్తే సరి. తెల్ల పురుగులు కనిపిస్తే భయం అక్కర్లేదు, అవి కూడా ఆ పనే చేస్తున్నాయి. ఎముకలు, టెంకలు, కొబ్బరి చిప్పలు మాత్రం వద్దు. ఎముకలకి ఎలకలు వస్తాయి, మిగతా రెండూ ఎన్నాళ్లయినా అలాగే ఉంటాయి.

బండి రాని పండగ రోజున చేపల, కోడి వ్యర్థాలు పేపర్లో చుట్టి, డబ్బాలో మూత పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే మర్నాటిదాకా వాసన రాదు. కొందరు మొహం చిట్లిస్తారు గానీ సెల్లార్‌లో ఈగల కంటే ఇదే నయం. దీపావళి మర్నాడు కాల్చిన టపాసుల చెత్త రాత్రంతా నీళ్లలో నానిన తరవాతే డబ్బాలోకి.

డబ్బాలు వారానికోసారి కడగాలి, బకెట్ నీళ్లకి గుప్పెడు బ్లీచింగ్ పౌడర్. మరీ తెల్లగా రావాలని అందులో యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ పొయ్యొద్దు. క్లోరిన్ వాయువు లేస్తుంది, గాలి ఆడని సెల్లార్‌లో కడిగే మనిషి కూలబడిపోతాడు.