లిమా ఎవరు బావా?

జగిత్యాల నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా బామ్మర్దిది ఒకటే ప్రశ్న: "బావా, నేమార్ కనిపించిండా?" నేనుండే దుబాయ్ వేరు, సౌదీ వేరు అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి అంతా గల్ఫే. బ్రెజిల్ ఫుట్‌బాల్ స్టార్ నేమార్ 2023 ఆగస్టులో సౌదీ రాజధాని రియాద్‌లోని అల్ హిలాల్ క్లబ్బుకు వచ్చాడు. అక్టోబర్‌లో బ్రెజిల్‌కు ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగ్గొట్టుకున్నాడు. 2025 జనవరిలో వెళ్లిపోయేదాకా ఆ క్లబ్బుకు ఆడింది ఏడే మ్యాచ్‌లు. రియాద్‌లో ఉన్నవాళ్లకే సరిగ్గా కనిపించలేదు, ఇక నాకేం కనిపిస్తాడు!

"నేమార్ కాదురా, నేను లిమాను చూసిన" అన్నాను.

"లిమా ఎవరు బావా?"

నేను హౌస్ డ్రైవర్ని. దుబాయ్ ఫుట్‌బాల్ క్లబ్బు అల్ వస్ల్ మ్యాచ్ ఉన్న రోజు మా కఫీల్ (నాకు వీసా ఇచ్చిన యజమాని) కొడుకులు పసుపు జెర్సీలు వేసుకుంటారు, వాళ్లను జబీల్ స్టేడియం దగ్గర దించడం నా డ్యూటీ. వాళ్లు లోపల, నేను పార్కింగ్‌లో. అరుపు వినపడితే గోల్ పడ్డట్టు. ఎవరు కొట్టారో పిల్లలు బయటికొచ్చాకే తెలుస్తుంది. "ఫాబియో!" అంటూ వస్తారు, చాలాసార్లు. ఒకసారి పెద్దోడికి జ్వరమొస్తే ఆ టికెట్ మీద నేనే లోపలికి వెళ్లాను. ఆటకన్నా ఆ పేరు పిలిచే గొంతులే ఎక్కువ గుర్తున్నాయి.

ఫాబియో లిమా బ్రెజిల్ నుంచి ఇక్కడికి 2014లో వచ్చాడు, 21 ఏళ్లకు. నేనూ ఆ ఏడే దిగాను. 18 నిండాక ఐదేళ్లు ఒక దేశంలో ఉండి, అక్కడి పౌరుడైతే ఆ జట్టుకు ఆడొచ్చని ఫిఫా రూలు. 2020లో ఆయన యూఏఈ జెర్సీ వేసుకున్నాడు. నేనేమో వీసా రెన్యువల్ వచ్చిన ప్రతిసారీ రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు లైన్లో నిలబడుతున్నాను. కుళ్లు కాదు, లెక్క చెబుతున్నానంతే.

మా ఇంట్లో వంట చేసే కోజికోడ్ ఆయన బ్రెజిల్ భక్తుడు. 2022 ప్రపంచకప్‌కు పుల్లావూర్ దగ్గర నదిలో మెస్సీ కటౌట్ నిలబెడితే, దాన్ని మించిన నేమార్ కటౌట్ పెట్టిన జిల్లా ఆయనది. లిమా పేరెత్తితే పెదవి విరిచేవాడు. "బ్రెజిల్ టీముకు ఒక్క మ్యాచన్నా ఆడాడా?"

2024లో అల్ వస్ల్ 17 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచింది. నవంబర్‌లో అబుదాబిలో యూఏఈ 5-0తో ఖతర్‌ను చిత్తు చేసింది. నాలుగు గోల్స్ లిమావే. ఆ రాత్రి వంటాయన కూడా ఫోన్‌లో ఆ గోల్స్ మళ్లీ మళ్లీ చూశాడు. నన్ను చూసి ఫోన్ పక్కన పెట్టేశాడు.

మర్నాడు బడికి తీసుకెళ్తూ చిన్నోణ్ని కదిలించాను: "మీ బ్రెజిల్ ఆయన అదరగొట్టాడుగా?"

"బ్రెజిల్ కాదు, ఇమారాతీ!" అంటే యూఏఈ పౌరుడని. కోపమొచ్చింది వాడికి. వాడు పుట్టిందీ 2014లోనే. నెలల బిడ్డప్పటి నుంచి ఆసుపత్రికీ బడికీ తిప్పింది నేనే.

కాసేపాగి వాడే అడిగాడు, "నువ్వు ఇండియా ఎప్పుడు వెళ్తావు?"