సిమెంట్ తగిలిన మడ్
నిన్న రాత్రి షిఫ్టులో బావిలో కేసింగ్ (బావిలో దించే ఉక్కు పైపు) కింద సిమెంట్ డ్రిల్ చేస్తుంటే మడ్ (డ్రిల్ చేసేటప్పుడు బావిలో తిప్పే ద్రవం) ఒక్కసారిగా పెరుగులా తోడుకుపోయింది. షేకర్ల (మడ్‌ని వడకట్టే జల్లెడల) మీద ముద్దలే ముద్దలు. అందరిలో టెన్షన్. "నీళ్లు కొట్టేద్దాం" అన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. నీళ్లతో చిక్కదనం తగ్గుతుంది, దాంతోపాటు మడ్ బరువూ పడిపోతుంది. కాల్షియం మాత్రం అక్కడే ఉంటుంది.

మడ్‌లో ఉండే బంకమట్టి బెంటోనైట్. దాని రేకు మందం సుమారు 1 నానోమీటరు. రేకు ముఖాల మీద రుణావేశం ఉంటుంది. చుట్టూ సోడియం ఉన్నంతసేపు రేకులు నీళ్లు పీల్చుకుని విడివిడిగా ఉంటాయి. సిమెంట్ నుంచి వచ్చే కాల్షియంకి రెండు ఆవేశాలు కాబట్టి రేకుల్ని దగ్గరికి లాగి గుంపు కట్టిస్తుంది. పైగా పీహెచ్ కూడా ఎగబాకుతుంది.

అందుకే సిమెంట్‌కి నేను నమ్మేది సోడియం బైకార్బొనేట్‌నే. కాల్షియంని కార్బొనేట్‌గా అవక్షేపించి, పీహెచ్‌నీ దించుతుంది. జిప్సం (కాల్షియం సల్ఫేట్) తగిలితే సోడా యాష్ (సోడియం కార్బొనేట్) చాలు. ఆ తర్వాతే కాస్త లిగ్నోసల్ఫోనేట్ (మడ్‌ని పలచబరిచే మందు). అది రేకుల అంచులకు అతుక్కుని వాటిని మళ్లీ కలవనివ్వదు.

మోతాదు ఊహించకూడదు. 350 మిల్లీలీటర్ల మడ్‌లో 1 గ్రాము కలిపితే బ్యారెల్‌కి 1 పౌండు వేసినట్టే. ఆ చిన్న పరీక్షకు పట్టే సమయం ఎంత తొందరలోనైనా ఇవ్వాల్సిందే. బైకార్బొనేట్ ఎక్కువైతే మిగిలిపోయిన కార్బొనేట్లే జెల్ స్ట్రెంగ్త్ (కదలకుండా ఉన్న మడ్ గడ్డకట్టే బిగువు) పెంచుతాయి. అప్పుడు దాన్ని తగ్గించడానికి సున్నం వేయాలి, అంటే మళ్లీ కాల్షియమే!